గుర్తులమ్మ

కారు కొండ ఎక్కుతున్నంతసేపూ అమ్మ నోరు విప్పలేదు. కారు నడుపుతున్న ఆవిడ కొడుకు, మెకానిక్, రెండుసార్లు మంచినీళ్లు కావాలా అని అడిగాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. వెనక సీట్లో ఆవిడ పక్కనే కూర్చున్న అతని భార్య అత్తగారి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉందని కళ్లతోనే మొగుడికి చెప్పింది.

ఆ కొండమీది సైనిక శిబిరంలో ఒకప్పుడు అమ్మని అందరూ గుర్తులమ్మ అనేవారు. నూట నలభైమంది సిపాయిల బట్టలు ఉతికించే పని ఆవిడదే. ఖాకీ చొక్కాలన్నీ ఒక్కలాగే ఏడుస్తాయి కాబట్టి, ఒక్కొక్కరి కాలరు లోపల ఎర్రదారంతో ఒక్కో గుర్తు కుట్టేది. వంటవాడికి మూడు చుక్కలు, సుబేదారుకి అడ్డగీత. ఒకరి చొక్కా ఇంకొకరికి వెళ్లిన పాపాన పోలేదని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటుంది. ఆ విషయంలో ఆవిడకి గర్వం కాస్త ఎక్కువే.

నాన్న అక్కడే సిపాయి. శిబిరం మీద దాడి జరిగేముందు ఆడవాళ్లనీ పిల్లల్నీ కొండ దింపేశారు. తర్వాత చనిపోయినవాళ్ల జాబితా వచ్చింది. అందులో నాన్న పేరు లేదు. బతికున్నవాళ్లలోనూ లేదు. పారిపోయాడని రాసేసి పైవాళ్లు చేతులు దులుపుకున్నారు. ముప్పై రెండేళ్లుగా మెకానిక్ పారిపోయినవాడి కొడుకు. బడిలో ఆ మాట అన్నవాళ్లని కొట్టాడు, తన్నులూ తిన్నాడు. అయినా అసలు బాధ అది కాదు. నిజంగానే పారిపోయాడేమోనని అతనికే అప్పుడప్పుడు అనిపించేది.

శిబిరం ఇప్పుడు మ్యూజియం. అక్కడ ఎవరిదో తెలియని చొక్కా ఒకటి పెట్టారని పేపర్లో చదివి అతనే అందరినీ బయల్దేరదీశాడు. అది నాన్నదైతే మచ్చ పోతుంది. కాకపోతే ఏమిటన్నది కారులో ఎవరూ ఎత్తలేదు.

చొక్కా మూడో గదిలో, అద్దాల పెట్టెలో ఉంది. ఎడమ చెయ్యి సగమే మిగిలింది. అమ్మ దాన్ని చూడగానే ఆగిపోయింది.

"కాలరు తిప్పి చూపిస్తారా బాబూ?" అని అక్కడి అధికారిని అడిగింది.

"ముట్టుకోకూడదమ్మా."

"మేం ముట్టుకోం లెండి," అంది మెకానిక్ భార్య. "మా మామగారిదేమో చూసుకోవాలి. మీరే తిప్పండి."

అధికారి ముగ్గురినీ ఎగాదిగా చూసి, తాళాలు తెచ్చాడు. తాళం మొరాయించింది. ఎర్రదారం కనబడితే చాలు, ఒక్క పోగు కనబడితే చాలు అనుకున్నాడు మెకానిక్.

అధికారి కాలరు తిప్పాడు. బట్ట ఖాళీగా ఉంది.

"దీంతోనే వచ్చిందమ్మా చిక్కు," అన్నాడు. "ఆ రోజు ముఖాలు గుర్తుపట్టేలా లేవట. కాలర్ల మీద ఎర్రదారం చూసి పేర్లు రాసుకున్నారు. దీనికి దారం లేదు, సూది దిగిన జాడా లేదు. ఖాకీ ఎవరైనా తొడుక్కోవచ్చు కదా, శిబిరం మనిషి కాదులే అని చొక్కా మాత్రం దాచి, మనిషిని విడిగా పూడ్చేశారు."

"పద అమ్మా. నాన్నది కాదు," అన్నాడు మెకానిక్.

అమ్మ కదల్లేదు.

"మీ నాన్నదేరా."

"గుర్తు లేదంటున్నారుగా."

"ఆయన చొక్కాలు మంది బట్టలతో కలిపి వేసేదాన్ని కాదు. ఇంట్లో నేనే ఉతికేదాన్ని. నా మొగుడి చొక్కా నాకు తెలీదా, దానికి గుర్తెందుకు అనుకున్నా. అంతమందిలో గుర్తు లేనిది ఆయనొక్కడికే."

"ఈ మాట రాసిస్తారా అమ్మా? పైకి పంపుతాను," అంటూ అధికారి కుర్చీ లాగాడు.

మెకానిక్ ఏడ్చేశాడు. నలభైకి దగ్గరపడ్డవాడు, పదిమందిలో, సిగ్గులేకుండా ఏడ్చాడు. నాన్న పారిపోలేదు. ఆ సంతోషంలో అమ్మ భుజాలు పట్టుకుని ఊపేశాడు.

ఆవిడ అతనివైపు చూడనే లేదు. చూపంతా ఆ ఖాళీ కాలరు మీదే ఉంది.

"అందరికీ కుడతావు, నాకూ ఒకటి కుట్టవే అని అడిగాడురా," అంది. "నువ్వెక్కడికి పోతావులే అన్నాను."