బీరువా వెనక గోడ

ఆ వీధిలో అందరూ ఆమెను టైలరమ్మ అనే పిలుస్తారు. ఆసుపత్రి నర్సులు తెల్లకోట్లు ఆమె దగ్గరే కుట్టించుకుంటారు. కొలత తప్పదు, మాట తప్పదు. తోడికోడలి విషయంలో మాత్రం మనసు ఆమె అదుపు తప్పేది.

ఇద్దరూ ఒకే ఇంట్లో అద్దెకుంటారు. కింది వాటా టైలరమ్మది, మేడమీది వాటా తోడికోడలిది. రెండూ ఒకేసారి ఖాళీ అయినప్పుడు ముందు ఎంచుకున్నది టైలరమ్మే. మెట్లెక్కమంటే జనం పక్క వీధి టైలరు దగ్గరికి పోతారని కిందిది తీసుకుంది. మొదటి వానలకే పడమటి గోడ చెమ్మెక్కింది. సున్నం ఉబ్బి పెచ్చులూడింది. మూలలో నల్లటి బూజు మొలిచి, తుడిచినకొద్దీ పాకింది. ఇంటాయన వచ్చి గోడకు అరచెయ్యి ఆనించి చూశాడు. "వానలు తగ్గితే అదే ఆరుతుంది లేమ్మా," అని చెయ్యి రుమాలుకు తుడుచుకుని వెళ్లిపోయాడు.

గోడకన్నా ఆమెను ఎక్కువ బాధపెట్టింది మేడ. అక్కడ తోడికోడలు ఆరేసిన తువ్వాలు మధ్యాహ్నానికల్లా అట్టలా బిరుసెక్కేది. టైలరమ్మ తువ్వాలు మర్నాడు కూడా ముక్కిన వాసనే.

"పెట్టి పుట్టింది," అనుకునేది పైకి చూసి.

గోడ మాత్రం తోడికోడలి కంట పడకూడదు. అందుకని మెట్లమీద చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, గాలాడేందుకు ముందుకు జరిపి ఉంచిన చెక్కబీరువాను భుజంతో నెట్టి గోడకు ఆనించేది. రానురాను మళ్లీ లాగడం విసుగై, అలాగే వదిలేసింది.

కోట్లు ఇవ్వాల్సిన రోజు పొద్దున బీరువా తెరిచింది. వెనకచెక్క మెత్తబడి ఉంది. ఇస్త్రీ చేసి పెట్టిన కోట్ల చేతులనిండా ఆవాలు చల్లినట్టు నల్లచుక్కలు. సాయంత్రం పెద్దనర్సు వస్తుంది. ఇవి నచ్చితే ఇకమీదట ఆసుపత్రి కుట్టుపని అంతా నీకే అని చెప్పి ఉంది. కింద చూస్తే అరచేతి మేర ఎండ లేదు.

టైలరమ్మ కోట్లు చేతులమీద వేసుకుని మెట్లెక్కింది.

"ఏమైందక్కా?"

"కాస్త ఎండ కావాలే."

తోడికోడలు ఒక కోటు విప్పి చూసింది. "గోడ బూజేగా?"

"నీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? నేను కిందికి దిగినప్పుడల్లా నీ బీరువా కిర్రుమనేది. మా ఆయనైతే, 'వదిన రోజూ ఇల్లు సర్దుకుంటుంది, నీకా ఊసే లేదు' అని నన్ను దెప్పేవాడు."

టైలరమ్మకు నవ్వు రాలేదు. మరిది నోట దక్కిన ఆ ఒక్క మెప్పూ బూజు పుణ్యమేనన్నమాట.

"ముందే చెప్తే బట్టలు ఇక్కడే పెట్టుకునేదానివిగా."

"నీకేం, ఎన్నైనా చెప్తావు. ఎండంతా నీదేగా."

"ఎండ నేను పుట్టింటి నుంచి మూటగట్టుకొచ్చానా? ముందు ఎంచుకుంది నువ్వేగా అక్కా," అంటూ తోడికోడలు నిమ్మకాయలు కోసింది.

నిమ్మరసంలో ఉప్పు కలిపి చుక్కలమీద రుద్దారు. ఉతికి మేడమీదే ఎండలో ఆరేశారు. మరకలు వదలని చేతుల్ని టైలరమ్మ ఊడదీసి, మిగిలిన గుడ్డతో కొత్తవి కత్తిరించింది. ఇద్దరూ చెరోవైపు పట్టి మిషను పైకి తెచ్చారు. కిటికీ పక్కన కూర్చుంటే దారం ఒక్కసారికే సూదిలోకి ఎక్కింది. ఆమె కడుపు మరింత మండింది.

సాయంత్రం పెద్దనర్సు కింద తాళం చూసి కేక వేసి, టైలరమ్మ పైనుంచి పలికితే మెట్లెక్కి వచ్చింది. కోట్లు వెలుతురులో పెట్టి తిరగేసింది.

"బాగున్నాయి టైలరమ్మా. ఇల్లు మారావా? మంచిపని చేశావు. కింద అదోరకం వాసన. చెప్తే నొచ్చుకుంటావని ఊరుకున్నాగానీ, ఆసుపత్రి బట్టలు అక్కడ పెట్టడానికి మనసొప్పలేదు. ఇక ఇక్కడే ఉంటావుగా?"

తోడికోడలు వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. టైలరమ్మ అటు చూడలేదు.

"ఆఁ, ఇక్కడే," అంది.

తోడికోడలు లోపలికి వెళ్లి, రెండు గ్లాసుల్లో మంచినీళ్లు తెచ్చింది. ఒకటి నర్సుకిచ్చింది, ఒకటి టైలరమ్మకిచ్చింది.

"మీ చెల్లెలా?" అడిగింది నర్సు.

"తోడికోడలు," అంది టైలరమ్మ గ్లాసు అందుకుని. "కింద ఉంటుంది."