పడుగు కింద బడి

నిన్న చల్లపల్లి నేతవీధిలో గంజి వాసన తగలగానే కాళ్లు ఆగిపోయాయి. నేస్తాలూ, గుర్తుందా? గంజి పెట్టి వీధి పొడవునా చాచిన పడుగు దారాలు ఆరేదాకా మేకలు రాకుండా కాపలా పిల్లలదే. ఇక బడి ఎక్కడిది?

"దీన్ని బడికి పంపితే పడుగు దగ్గరెవరుంటారే?" అన్నాడు నాన్న.

"పడుగు కిందే బడి పెడతాలే అన్నయ్యా," అంది మేనత్త. గంపెడు కాలవ ఇసుక పోసి, ఆ దారాల చారల నీడలో నా వేలు పట్టి 'అ' దిద్దించింది. మనలో ఒకరం దిద్దుతుంటే ఇంకొకరం మేకల్ని తోలేవాళ్లం.

అత్తయ్య పోయింది. నేను బెజవాడలో కాలేజీ చదువు ముగించాను. నిన్న అదే చోట ఓ అయిదేళ్ల పిల్ల కర్రతో నిలబడి ఉంది.

"బడికెళ్లవా?"

"పడుగు ఆరలేదండీ."

"ఓ గంప ఇస్తారా, ఇసుక తెస్తాను," అని గుమ్మంలో ఉన్న వాళ్లమ్మను అడిగాను.