పండు తీసేసి కాయ పెట్టిన పిల్ల

మా మేనకోడలు ప్రణవి ఏం పని చేస్తుందని అడిగితే మా రెడ్డిగూడెంలో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. ఫోన్లు బాగుచేస్తుందని ఒకరు, బ్యాంకులో చేస్తుందని ఒకరు, కంప్యూటర్లో బొమ్మలు గీస్తుందని ఇంకొకరు. ఆ మూడోవాళ్లే కాస్త నయం. డబ్బులు పంపడానికీ, వచ్చాయో లేదో చూసుకోవడానికీ ఫోన్‌లో యాప్‌లు ఉంటాయి కదా. అవి తెరిస్తే ఏ బటన్ ఎక్కడుండాలి, ఏ మాట ముందు రావాలి, ఏ బొమ్మ కనపడాలి అన్నది ఆలోచించి గీసి పెట్టడం దాని పని. నేను దాని మేనత్తను, ప్రమీలారాణిని. ఇదంతా గొప్పకే చెబుతున్నాను. గొప్ప చెప్పుకోవడం ఇష్టం లేనివాళ్లు ఇక్కడితో ఆపేసి వేరే పని చూసుకోవచ్చు.

దానికి చిన్నప్పుడే ఆ బుద్ధి ఉంది. మా తమ్ముడు రవిచంద్ర మామిడి తోటలో మోటారు స్టార్టర్ మీద రంగులు వెలిసిపోయి, ఏది వేసే బటనో ఏది ఆపే బటనో తెలిసేది కాదు. కరెంటు వచ్చినప్పుడల్లా ప్రణవి వాళ్లమ్మ అన్నపూర్ణ ఎవరో ఒకరిని కేకేసి పిలవాల్సి వచ్చేది. ఒకరోజు ఈ పిల్ల తల్లి గోళ్లరంగు సీసా పట్టుకెళ్లి, వేసే బటన్ మీద ఇంత బొట్టు పెట్టి వచ్చింది. సీసా ఖాళీ చేసిందని తల్లి రెండు తగిలించింది గానీ, ఆ రోజు నుంచీ మోటారు తనే వేసుకునేది. బొట్టు చెరిగిపోతే మళ్లీ పెట్టమని కూతుర్నే బతిమాలేది.

నూజివీడు ఇంజనీరింగ్ క్యాంపస్‌లో సీటొచ్చింది, హాస్టల్లో ఉండి చదివింది, హైదరాబాదులో బ్యాంకులకు యాప్‌లు చేసే కంపెనీలో ఉద్యోగమూ వచ్చింది. అక్కడే ఉంటే ఈ కథే లేదు. ఒక వేసవిలో సెలవు మీద వచ్చి, తల్లితో పాటు ఆటోలో సెంటర్‌కి వెళ్లింది. సెల్ షాపు ముందు ఆటో ఆగింది. అన్నపూర్ణ దిగి, షాపతనికి ఫోన్ ఇచ్చి, రహస్యంగా ఉండాల్సిన నంబరు నలుగురిలో పైకి చెప్పి, "కాయల డబ్బులు పడ్డాయేమో చూడు బాబూ" అంది. అతను చూసి, ఎంత పడిందో షాపంతా వినపడేలా చదివాడు. అతని తప్పేమీ లేదు, ఊళ్లో సగం మందికి అతనే చూసిపెట్టేవాడు. మర్నాడు పొద్దున్నే ఇద్దరు చుట్టాలు చేబదులు కోసం వచ్చి వరండాలో కూర్చున్నారు.

"అమ్మకి చదవడం రాదా అత్తయ్యా? వారపత్రిక అట్ట నుంచి అట్ట దాకా చదువుతుంది. ఆ స్క్రీన్ చూస్తేనే భయం. భయపడేలా గీసింది మాలాంటివాళ్లమే" అంది నాతో. మరుసటి ఏడు ఉద్యోగం మానేసి వచ్చి, తనతో చదివిన క్రాంతి కుమార్‌తో కలిసి నూజివీడులో ఎరువుల కొట్టు మీద గది అద్దెకు తీసుకుంది. గీసేది ఇది, గీసినదాన్ని కంప్యూటర్లో పని చేయించేది అతను.

నేను ఊరుకున్నానా? "ఏసీ గది వదిలేసి ఎరువుల వాసన పీల్చడానికి వచ్చావా?" అని కడిగేశాను. "అమ్మ తన డబ్బులు తను చూసుకుంటే చాలు అత్తయ్యా" అంది. ఆ మాటకి ఇంకాస్త గట్టిగా తిట్టాను.

మా మామిడి రైతుల సంఘానికి ప్రెసిడెంటు భావనారాయణగారు. పెద్దమనిషే గానీ ఆయనకు ఓపిక తక్కువ. సంఘం సభ్యులకు కాయల డబ్బులు రావాలన్నా, కూలీలకు మేము పంపాలన్నా పనికొచ్చే యాప్ ఒకటి చేయమని వీళ్లకు చెప్పారు. ఈ సీజన్‌లో వాడి చూస్తాం, జనానికి నచ్చితే ఉంచుతాం, లేదంటే పట్నం కంపెనీకి ఇచ్చేస్తాం అన్నది ఒప్పందం. వీళ్ల చేతిలో ఉన్నది ఆ పని ఒక్కటే. అది పోతే గది ఖాళీ చేసి మళ్లీ హైదరాబాదు బస్సెక్కడమే.

ఎంత ముందుచూపుతో చేసిందో చెబితే మీకే తెలుస్తుంది. ఏ యాప్ అయినా వేలిముద్ర పెట్టమంటుంది కదా. కోతల రోజుల్లో మామిడి సొన కారి మా వేళ్ల మీద తోలు ఊడిపోతుంది. ఆ వేలు ఫోన్ మీద ఎంతసేపు పెట్టినా అది మమ్మల్ని గుర్తుపట్టదు. ప్రణవి అది చిన్నప్పుడే చూసింది గనక వేలిముద్ర తీసేసి, రహస్య నంబరు కొట్టడానికి లావుపాటి అంకెలు పెట్టింది. తొడతొక్కిడిగా పది బటన్లు లేకుండా రెండే పెట్టింది, ఒకటి పంపడానికి, ఒకటి చూసుకోవడానికి. డబ్బు చేరగానే స్క్రీన్ నిండా కనపడేలా బంగినపల్లి పండు గీసింది. పసుప్పచ్చగా, భుజాల దగ్గర కాస్త ఎరుపు తిరిగి, చూస్తేనే నోరూరేలా ఉండేది. ఇన్నాళ్లూ అది గీసిన వాటిలో అంత బాగా కుదిరింది మరొకటి లేదు. భావనారాయణగారు ముచ్చటపడి దాన్నే బ్యానర్ల మీద వేయించి ఆఫీసు గోడకి కట్టించారు.

కోతలు జోరందుకున్నాయి. మా తోటల్లో కాయ కోసే ముఠాకి మేస్త్రి ఆరోగ్యం అని ఒకతను. సాయంత్రం అతనికి కూలి పంపాను. నంబరు కొట్టాను, బటన్ నొక్కాను, స్క్రీన్ మీద పండు వచ్చింది. నా గుండె జారిపోయింది. ఏదో చెడింది, డబ్బులు ఎక్కడికో పోయాయి అనుకున్నాను. చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా సంఘం ఆఫీసుకి పరిగెత్తాను. నాకంటే ముందే అక్కడ అరుగు నిండా జనం, అందరి చేతుల్లోనూ ఫోన్లు. అందరిదీ ఒకటే మాట, పంపిన డబ్బులు చెడిపోయాయని.

క్రాంతి కుమార్ పరుగున వచ్చి లెక్కలన్నీ చూశాడు. ప్రతి పైసా చేరింది. "కింద 'డబ్బు చేరింది' అని రాసి ఉందిగా అత్తయ్యగారూ, చదవరేంటండీ?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "బొమ్మ చూడగానే ప్రాణం పోతుంటే, కళ్లజోడు వెతుక్కుని అక్షరాలు చదువుతూ కూర్చుంటామా?"

"బొమ్మ చూస్తే ప్రాణం పోవడం ఏంటండీ?"

భావనారాయణగారు నుదురు కొట్టుకున్నారు. "డబ్బులేమో చేరుతున్నాయి, జనమేమో చేరలేదంటున్నారు. ఎవరికని సర్దిచెప్పను? శుక్రవారం కమిటీ ఉందమ్మా ప్రణవీ. ఈలోగా తేల్చకపోతే తీసేద్దాం" అన్నారు. ప్రణవి నన్ను పక్కకి పిలిచి, "చేరలేదని ఎందుకు అనుకున్నావు అత్తయ్యా?" అని అడిగింది.

"చూడగానే అలా అనిపించింది. అంతే."

"సరే" అని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే నూజివీడు మార్కెట్ యార్డులో మా లోడు దగ్గరికి వచ్చి, ఖాళీ ట్రే బోర్లించుకుని కూర్చుంది. ఎందుకొచ్చావంటే చూడ్డానికి అంది. వచ్చేవాడూ పోయేవాడూ ఏదో ఒకటి అనేవాడే. "ఏమ్మా ప్రణవీ, నీ యాప్ మా డబ్బులు తినేసిందంటగా" అని ఒకడు పళ్లికిలించాడు. వాడికి నేను గట్టిగా సమాధానం చెప్పబోతే ఇది నా కొంగు పట్టుకుని ఆపింది. ఎండ మీదికొస్తున్నా కదల్లేదు. ఒకరికి చెప్పలేదు, ఒకరిని అడగలేదు, మా మొహాలే చూస్తూ కూర్చుంది.

వ్యాపారి మనిషి వచ్చి మా ట్రేలు ఒక్కొక్కటీ వంచి చూస్తున్నాడు. ఒక ట్రేలో పసుపు తిరిగిన పండు ఒకటి పైకి వచ్చింది. అతని కన్ను పడేలోపు చటుక్కున తీసి, వెనకాల పండ్ల రసం బళ్లవాళ్లు ఏరుకునే గుట్టలోకి విసిరేశాను. ఆ మొహం ఎలా పెట్టానో నాకేం తెలుసు? ప్రణవి దిగ్గున లేచింది.

"అత్తయ్యా, ఇప్పుడు చూసినట్టే ఇంకోసారి చూడు."

"దేన్నే?"

ఫోన్ తెరిచి తను గీసిన పండు నా ముందు పెట్టింది. నేను మొహం చిట్లించాను. అది పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్లనిండా నీళ్లు తెచ్చుకుంది.

అప్పుడు గానీ నాకూ వెలగలేదు. యార్డులో మేము అమ్మేది కాయ. పచ్చిగా, గట్టిగా, తొడిమతో ఉన్న కాయ. అది లారీలో ఢిల్లీ వెళ్లాలి, అక్కడికి చేరాక పండాలి. లోడులో ఒక్క పండు కనపడిందంటే సరుకు ముదిరిపోయిందనీ, దారిలోనే కుళ్లుతుందనీ వ్యాపారి పెదవి విరుస్తాడు, ధర కోసేస్తాడు. పండు ఇంట్లో తినడానికి బాగుంటుంది. యార్డులో పండంటే నష్టం. ఏళ్ల తరబడి పసుపు కనపడగానే గుండె జారడం అలవాటైన వాళ్లకు, స్క్రీన్ నిండా పండు చూపించి డబ్బు చేరిందంటే ఎవరు నమ్ముతారు?

"తోటలో పుట్టి ఇంత చిన్న సంగతి మర్చిపోయావేంటే?" అన్నాను.

"నేను ఇంట్లో గడ్డిలో మాగేసిన పండు తిన్న పిల్లనే అత్తయ్యా. నన్ను యార్డుకి ఎప్పుడు రానిచ్చారు?" అంది కళ్లు తుడుచుకుంటూ. అదీ నిజమే.

బొమ్మ మారుస్తానంటే క్రాంతి కుమార్ ఒప్పుకోలేదు. "అంత మంచి బొమ్మ తీసేస్తావా? నాలుగు రోజులు పోతే జనమే అలవాటు పడతారు" అన్నాడు. ప్రణవి అంది, "వాళ్లు అలవాటు పడడానికి కాదు క్రాంతీ మనం ఇక్కడికొచ్చింది." భావనారాయణగారు బ్యానర్ల సంగతేంటని గొణిగితే, "బ్యానర్లు గోడకి ఉండనివ్వండి బాబాయిగారూ, ఫోన్‌లో మాత్రం పండు వద్దు" అంది. తను గీసిన వాటిలో అన్నిటికంటే ఇష్టమైన బొమ్మని తన చేత్తోనే తీసేసింది.

మా వరండాలో కూర్చుని, తొడిమతో కోసిన కాయ ఎదురుగా పెట్టుకుని కొత్త బొమ్మ గీసింది. పచ్చటి కాయ, తొడిమ, తొడిమకి చిన్న ఆకు. పండుని పారేయలేదు. డబ్బు చేరకపోతే వచ్చే బొమ్మగా దాన్నే పెట్టింది. కాయలు కోసే చిక్కం కర్రలు గోడకి ఆనిస్తున్న ఆరోగ్యాన్ని పిలిచి, ఏమీ చెప్పకుండా పచ్చకాయ చూపించి, ఇది చూస్తే ఏమనిపిస్తోందని అడిగింది. "మంచి కాయండీ. లోడులో వేసెయ్యొచ్చు" అన్నాడతను. ఆ తర్వాత పండు చూపించింది. అతను మొహం తిప్పుకున్నాడు.

శుక్రవారం కమిటీకి ఆఫీసు నిండిపోయింది. ఆడవాళ్ల వరసలో నేనూ అన్నపూర్ణా కూర్చున్నాం. ప్రణవి గోడకి ఆనుకుని నిలబడింది. భావనారాయణగారు లేచి, "మాటలు అనవసరం. ఎవరో ఒకరు అందరి ముందూ పంపి చూపించండి" అన్నారు. మొన్నటి భయం ఇంకా పోలేదు, అందరూ తలలు దించుకున్నారు. నేను లేవబోయాను. నా భుజం మీద చెయ్యేసి అన్నపూర్ణ లేచింది.

డబ్బుల పనికి సెల్ షాపతను తప్ప ఇంకెవరూ ముట్టుకోని ఫోన్ అది.

"ఆరోగ్యానికి నిన్నటి కోత కూలి ఇవ్వాలండీ. పంపుతాను" అంది. సొనకి తోలు ఊడిన వేలితో అంకెలు ఒక్కొక్కటే నొక్కింది. పెదవులు కదిలాయి గానీ నంబరు పైకి అనలేదు. స్క్రీన్ వైపు చూసింది. కనుబొమల ముడి విడిపోయింది. ఫోన్ బ్యాగులో పెట్టుకుని కూర్చుంది.

"వెళ్లిందా అమ్మా? ఏదీ, ఇలా ఇవ్వు చూస్తాను" అని భావనారాయణగారు చెయ్యి చాపారు.

"వెళ్లిందండీ. నేను చూసుకున్నాను" అని అన్నపూర్ణ బ్యాగు జిప్పు వేసేసింది.

ఆయన చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. గుమ్మం దగ్గర ఆరోగ్యం ఫోన్ పైకెత్తి, "వచ్చినయ్యండీ" అన్నాడు. ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు, చివరికి భావనారాయణగారూ నవ్వి కుర్చీలో కూర్చున్నారు. యాప్ ఉంటుందని రాసుకున్నారు, సంతకాలు చేశారు. జనం లేచి ఫోన్లు తీసి, ఎవరిది వాళ్లు చూసుకోవడం మొదలుపెట్టారు. పక్కవాళ్లకి కనపడకుండా కాస్త వంచి మరీ చూసుకుంటున్నారు. ప్రణవి గోడ దగ్గరే నిలబడి వాళ్లని చూస్తోంది. నేను దాన్ని చూస్తున్నాను. మా వంశంలో ఇలాంటి పిల్ల పుట్టిందని నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పడానికి ఆ రోజు నాకు తిట్టు కూడా దొరకలేదు.

ముగ్గురం ఆటోలో ఇంటికి బయల్దేరాం. ఎప్పుడూ అన్నపూర్ణని తిప్పే ఆటో అబ్బాయే. సెంటర్‌కి రాగానే, ఎవరూ చెప్పకుండానే, అలవాటు కొద్దీ సెల్ షాపు ముందు బండి ఆపాడు.

"ఇక్కడ నాకు పనేం లేదు నాయనా, పోనివ్వు" అంది అన్నపూర్ణ.