ఖాదర్ మాస్టారి మిల్లు

ఈ ఉదయం ఐదూ నలభైకి పక్క వాటా వాళ్ళు నీళ్ళ మోటారు వేశారు. మంచం మీదే ఉండి, అది మోటారేనా అని కాసేపు విన్నాను. మోటారే. అయినా అనుమానించకుండా ఉండలేను. ఆ అలవాటు ఖాదర్ మాస్టారిది.

తొంభైల్లో, డిగ్రీ అయ్యాక, పటమటలో ఆయన నడిపిన క్యాసెట్ల రికార్డింగ్ షాపులో పనికి చేరాను. అంతకుముందు ఆయన పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయించారు. తర్వాత రేడియో నాటకాలకు వానలు, రైళ్ళు, గుర్రాలు చేసిపెట్టారు. చివరి పదేళ్ళూ రాగం, తాళం ఏమీ లేకుండా ఉత్త శబ్దాలతో కచేరీలు చేశారు. ఎక్కడెక్కడి ఊళ్ళ వాళ్ళో పిలిచేవారు. మా వీధిలో మాత్రం ఆయన్ని పోలీసుల మనిషనుకునేవారు. ఆయన చేతిలో మైకు చూస్తే కూరగాయల బండి దగ్గర కూడా మాటలు ఆగిపోయేవి. నా అనుమానం వేరు. ఇది సంగీతమేనా, లేక తెలివైన మోసమా అని. ఏదో ఒక శబ్దం వినిపించేవారు. నేను అదేమిటో చెప్పగానే "అదేనంటావా?" అనేవారు. ఒళ్ళు మండేది.

పామర్రు దగ్గర ఒక పాత బియ్యం మిల్లును పడగొట్టబోతున్నారని తెలిసి, దాని చప్పుడు రికార్డు చేద్దామని మాస్టారి స్కూటరు మీద వెళ్ళాం. యజమాని వెంకటరత్నం గారు గేటు దగ్గరే ఆపేశారు.

"ఏ డిపార్టుమెంటండీ మీది?"

"డిపార్టుమెంటేం లేదండీ. మీ మిల్లు చప్పుడు పట్టుకెళ్దామని."

"చప్పుడు కోసం బెజవాడ నుంచి పెట్రోలు పోసుకొచ్చారా? నా చెవిలో పువ్వేమన్నా కనపడుతోందాండీ? బండి తిప్పండి."

తిప్పాం.

మిల్లు పోయిన మరుసటి ఏడు బెజవాడలో ఒక చిన్న హాల్లో మాస్టారి కచేరీ జరిగింది. వెంకటరత్నం గారికి ఆయనే కబురు పంపారు. బెల్టు కొట్టుకుంటున్న చప్పుడు మొదలై, దాని మీద గింజలు రాలుతుండగా ఆ పెద్దాయన లేచి నిలబడ్డారు. కండువాతో కళ్ళు తుడుచుకుంటున్నారు.

"మా మిల్లేనండీ! మా నాన్న పెట్టించిన మిల్లు. దొంగచాటుగా తీసినా మంచి పనే చేశారు. నాకో క్యాసెట్ ఇప్పించండి."

ఆయనకు మిగిలింది ఆ చప్పుడొక్కటే. తలూపండి మాస్టారూ అని మనసులోనే బతిమాలుకున్నాను.

"మీ మిల్లు కాదండీ. మా ఆవిడ కుట్టుమిషను, చేటలో నూకలు. షాపులో చేశాను."

"మరి మా మిల్లు చప్పుడేదండీ?"

"లేదండీ. మీరు తీయనివ్వలేదు కదా."

వెంకటరత్నం గారు కండువా భుజాన వేసుకుని వెళ్ళిపోయారు.

తిరిగొస్తూ అడిగాను. "నిజం చెప్పారా మాస్టారూ, కసి తీర్చుకున్నారా?"

"ఔనంటే, ఇక జీవితాంతం ఆయనకి మిల్లంటే మా ఇంటి కుట్టుమిషనే" అన్నారు. కొంత దూరం పోయాక, "కసి లేదని కూడా చెప్పలేనమ్మాయ్" అన్నారు.

ఆ రెండో మాట అన్నందుకే మొదటిది నమ్మాను. పూర్తిగా కాదు. మాస్టారు పోయాక, సంతాప సభలో ఆయన్ని పొగిడిన గొంతులను కూడా అలాగే విన్నాను, ఏది దేనితో చేసినదో అని. అక్కడ మాట్లాడిన నా గొంతునూ వదల్లేదు.

పక్క వాటాలో మోటారు ఆగింది. అదేనంటావా అని ఇప్పుడు నన్ను ఎవరూ అడగరు.