నాలుగు గుమ్మడి ముక్కలు

కువైట్‌లోని రుమైథియాలో నేను కారు నడిపే ఇంట్లో కోనసీమ అమ్మాయి ఒకామె వంట చేస్తుంది. యజమానురాలిని మేమిద్దరం మామా అంటాం. మామా కూతురికి గురువారం విందు. గుమ్మడికాయకు కళ్లూ నోరూ చెక్కి వాకిట్లో పెట్టాలట. పిల్ల తొందరపడి ఆదివారమే చెక్కమంది. "గురువారం దాకా నిలవకపోతే నీ శుక్రవారం సెలవు ఖలాస్" అని మామా వంటామెకు చెప్పేసింది. మహబూలాలో ఉన్న చెల్లెల్ని ఆమె చూసేది నెలకు ఆ ఒక్క రోజే. కాయ కుళ్లితే మనిషికి శిక్షా! నాకు ఒళ్లు మండింది.

"బాబాయ్ గారండీ, మొదటి కత్తి మీరే పెట్టాలండీ. ఆడోళ్లం గుమ్మడికాయ పగలగొట్టకూడదు కదండీ."

"కువైట్‌కొచ్చినా ఇదేందిమ్మా?"

"ఊరు మారితే కాయ మారుద్దాండీ?"

కోశాను. ఆమె చెక్కింది. ఉప్పుంటే ఏదైనా నిలుస్తుందని, లోపలంతా నేనే ఉప్పు రుద్దాను. తెల్లారేసరికి నోరు వాలిపోయి, కింద నీటి మడుగు!

"ఊరగాయ పెట్టేశారు కదండీ!" అంది, కళ్లు తుడుచుకుంటూ.

నిజమే. ఉప్పు నీటిని లాగుతుంది. ఊరగాయకు మంచిదే, కాయ బిగువుకు కాదు. బడికి నేను వెళ్లింది నాలుగేళ్లే, మిగతాదంతా చూసి నేర్చుకున్నదే. ఇదెందుకు తోచలేదో!

కళ్లకూ నోటికీ కోసి తీసిన ముక్కల్లో నాలుగు, ఉప్పు తగలనివి, చెత్తబుట్టలోంచి ఏరి నా గది కిటికీలో పెట్టాను. ఒకటి ఉత్తది, ఒకదానికి పసుపు, ఒకదానికి నూనె. నాలుగోదాన్ని బ్లీచు కలిపిన నీళ్లలో ముంచి, ఆరబెట్టి, వాజలీను పూశాను. కారు తుడవడం కూడా మానేసి గంటగంటకూ చూశాను. మంగళవారానికి ఉత్తది ముడుచుకుంది, పసుపుది నల్లబడింది, నూనెదానికి బూజు పట్టింది. నాలుగోది మాత్రం గోరు దిగనంత గట్టిగా ఉంది.

ఇంట్లో మిగిలిన ఒక్క కాయనూ ఆ సాయంత్రం అలాగే చేశాం. లోపల మైనపువత్తి పెడితే వేడికి ఉడికిపోతుందని చిన్న బల్బు పెట్టాం.

గురువారం కాయ బిగువుగా నిలబడింది. మామాకు మరీ నచ్చేసింది. శనివారం చుట్టాలొస్తారట, అప్పటిదాకా ఉండాలంది. "రేపు దీన్ని ఎవరు చూసుకుంటారు?" అని వంటామె వైపు చూసింది. ఆమె చేతిలో పళ్లెం ఆగిపోయింది.

"నేను" అన్నాను, కాస్త గట్టిగానే. తర్వాత ఆమెతో, "యల్లా, పొద్దున్నే బస్సెక్కు. వెనక్కి సూడొద్దు" అన్నాను.

శుక్రవారం ఆమె మహబూలా బస్సెక్కింది. నేను నమాజుకు వెళ్లొచ్చి చూస్తే, వాజలీను అందని నోటి మూల తెల్లగా నూగు. పుల్లతో గీకాను. కింద కండ ఇంకా గట్టిగానే ఉంది. బ్లీచు నీళ్లతో తుడిచి, ఆరనిచ్చి, మళ్లీ పూశాను.