లీదియా రాసిచ్చిన రాజీనామా

మా లీదియాకు ఉన్న కోరిక ఒక్కటే. పుట్టబోయే బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా ఇంట్లో ఉండి తన పాలే పట్టాలి. మా అమ్మా, వాళ్లమ్మా అక్కచెల్లెళ్లు, ఇద్దరూ నర్సులే. డ్యూటీలకు పోతూ మమ్మల్ని పక్కింట్లో సీసాపాలతో వదిలేవారు. నేనూ నర్సునే అయ్యాను కాబట్టి నాకా బాధ లేదు. దీనికి మాత్రం అది మనసులో ఉండిపోయింది.

హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేది. ఎనిమిదో నెలలో హెచ్‌ఆర్ మేడమ్ పిలిచి ప్రాజెక్టు మూసేశామంది.

"మేమే తీసేశామని రాస్తే రేపు ఇంకో కంపెనీ వాళ్లు ఆరా తీసినప్పుడు నీకే మచ్చ. నువ్వే రిజైన్ చెయ్యి. ప్రసూతి సెలవు జీతం, పరిహారం అన్నీ కలిపి ఒకేసారి వేసేస్తాం."

ఈ ఐటీ వాళ్లకు ఉద్యోగం పోవడం కన్నా, తీసేశారని కాగితం మీద పడటమంటేనే భయం. పిచ్చిది, అక్కడికక్కడే రాజీనామా పెట్టేసింది. కారణం దగ్గర 'వ్యక్తిగతం' అని తన చేత్తోనే టైపు కొట్టింది. కడుపుతో ఉన్న మనిషిని తీసేస్తే చట్టం ఊరుకోదని ఆ మేడమ్‌కు తెలుసు, మాకే తెలియదు. మర్నాడు టీమ్ వాళ్లు సీమంతానికీ, వీడ్కోలుకూ కలిపి ఒకటే కేకు కోయించారు. సిగ్గుండాలి!

పాప పుట్టాక డబ్బు పడింది. చూస్తే పెద్ద ముక్కే పన్ను కింద కోసేశారు. లీదియా భర్త రాబిన్ బాలానగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేస్తాడు. "ఏదో తప్పు పడ్డది వదినా, అడిగితే ఇస్తరు" అన్నాడు నాతో. కూకట్‌పల్లిలో పన్ను లెక్కలు చూసే యజ్ఞనారాయణ గారి దగ్గరికి వెళ్లాం.

"తప్పేం లేదండి," అన్నాడాయన. "ప్రసూతి సెలవు జీతమూ జీతమేనండి, పన్ను పడుద్ది. అంతా ఒకే ఏడాదిలో పడేసరికి పై శ్లాబులోకి పోయింది."

"తీసేసినందుకు ఇచ్చిన పైసలకు మాఫీ ఉంటదంట గద సార్?" అని లీదియా అడిగింది.

"కార్మికుల చట్టం కిందికొచ్చేవాళ్లకి కొంత ఉంటుందండి. కంపెనీ తీసేసి ఉంటే మీకూ వర్తిస్తుందేమో అడిగి చూసేవాళ్లం. మీరే మానేశానని రాసిచ్చారు కదమ్మా. ఇంక ఏమని అడుగుతాం?"

నాకు ఒళ్లు మండింది. "బెదిరిచ్చి రాయించుకున్నరు సార్!" అన్నాను. ఆయన లీదియా వంక చూశాడు. అది తల దించుకుంది. బెదిరించలేదు మరి, మంచి మాటలే చెప్పారు.

మిగిలింది ప్రసవం చేసిన దవాఖానకూ, కిరాయికీ సరిపోయింది. పాపకు మూడో నెల దాటకుండానే లీదియా ఇంటర్వ్యూకు కూర్చుంది, ఇంట్లోనే, లాప్‌టాప్ ముందు. పాప ఏడుపు వినబడకుండా నేను దాన్నెత్తుకుని బాల్కనీలోకి పోయి తలుపు దగ్గరికి వేశాను. అయినా ఇంటర్వ్యూ చేసే పెద్దమనిషి గొంతు వినబడుతూనే ఉంది.

"రికార్డు చాలా క్లీన్‌గా ఉందమ్మా. వ్యక్తిగత కారణాలతో మానేశారని ఉంది. అవి తీరిపోయాయా?"

పాప నా భుజం మీద పాల కోసం మూతి వెతుక్కుంటోంది.

"తీరిపోయినయి సార్," అంది లీదియా.