ఇస్త్రీ అక్కకి వేడి అలవాటేనట

ఇస్త్రీ అక్క తనే రానందని, పొద్దున్నే పార్కులో ఎక్సర్‌సైజులు చేసే మా గుంపు చెప్పుకుంటోంది. శుద్ధ అబద్ధం. ఈ ఎండలకి నాలుగు రోజులు చల్లగా కొండ మీదికి పోదామని ముందు అన్నదే ఆవిడ. పార్కు వెనక సందులో, తన రేకుల గదిలో ఇస్త్రీ పెట్టె వేడికి మొన్న కళ్లు తిరిగి పడిపోయింది మరి. తీరా వ్యానులో సీట్లు చాలలేదు.

"నీకు వేడి అలవాటేగా అమ్మాయ్, మేమే తట్టుకోలేం," అన్నాడు బ్యాంకు బాబాయి.

"అవున్లే బాబాయ్, నీ కుక్కకి కిటికీ సీటు లేకపోతే కష్టం," అంది అక్క.

అందరూ ఇకిలించారు. ప్రయాణం బట్టలు మాత్రం ఆవిడ చేతే ఇస్త్రీ చేయించుకున్నారు. నేను వ్యాను దిగిపోయాను.

ఆవిడ మళ్లీ పడిపోకుండా నేనొక్కదాన్నే చూస్తే చాలదు. ఆ సందులోంచి వెళ్లేవాళ్లు మధ్యాహ్నం పూట ఆవిడ తలుపు కొట్టండి. లేచి తీసేదాకా కదలకండి.